పెన్షన్ వీసానా, పెళ్లి వీసానా?

ఉద్యోగం నుంచి దిగిపోయారు, లేదా రేపో మాపో దిగిపోతారు. పీఎఫ్ చేతికొచ్చింది. పిల్లలు తలా ఒక దేశంలో ఉన్నారు. "ఈ ఎండల్లో ఇక్కడెందుకండీ, ఎక్కడికైనా పోయి హాయిగా ఉందాం" అని ఇంట్లో మాట మొదలైంది. ఇంకొందరి సంగతి వేరు. జీవిత భాగస్వామి పోయాక ఒంటరిగా ఉండలేక తోడు వెతుక్కుంటే, కుదిరిన సంబంధం కాస్తా విదేశంలో ఉంటుంది. ఎప్పుడో విదేశీయురాలిని పెళ్లి చేసుకుని, ఇప్పుడు ఆవిడ పుట్టింటి దేశానికి వెళ్దామనుకునేవాళ్లూ ఉన్నారు.

వీళ్లంతా ఏజెంటు ముందు కూర్చుని అడిగేది ఒకటే: "ఏది తొందరగా వస్తుందండీ?"

ఆ ప్రశ్న కాసేపు పక్కన పెట్టండి. మీరు అడగాల్సింది వేరే ఉంది. నా వీసా దేన్ని పట్టుకుని నిలబడుతుంది? డబ్బునా, మనిషినా? అది చేజారిన రోజున నేనెక్కడ ఉంటాను? రిటైర్మెంట్ వీసా మీ బ్యాంకు ఖాతాను పట్టుకుని ఉంటుంది. పెళ్లి వీసా ఇంకొకరి ఉనికిని పట్టుకుని ఉంటుంది. తేడా ఇంతే. కానీ నిర్ణయం మొత్తం ఈ తేడా మీదే తిరుగుతుంది.

1. మీరు వెళ్లాలనుకునే దేశంలో రెండు దారులూ ఉన్నాయా?

నూటికి తొంభై మంది తెలుగువాళ్ల మనసులో ఉండేది అమెరికా, లేకపోతే బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా. మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. "నాకు పెన్షన్ వస్తుంది, సొంతిల్లుంది, రిటైర్మెంట్ వీసా ఇవ్వరా?" అంటారు. అమెరికాలో ఆ పేరుతో వీసానే లేదు. బ్రిటన్‌లో సొంత రాబడి ఉన్న విశ్రాంత ఉద్యోగుల కోసం ఒక దారి ఉండేది, దాన్ని 2008లో మూసేశారు. ఆస్ట్రేలియా ఇన్వెస్టర్ రిటైర్మెంట్ వీసాకు 2018 తర్వాత కొత్త దరఖాస్తులు తీసుకోవడం లేదు. కెనడాలో తల్లిదండ్రులకు సూపర్ వీసా ఉంది. ఒక్కసారి వెళ్తే ఐదేళ్ల దాకా ఉండొచ్చు. కానీ అది పిల్లల కోసం వచ్చేవాళ్లకు, స్థిరపడటానికి కాదు.

ఈ దేశాల్లో మీకు మిగిలేవి రెండే దారులు: పిల్లల ద్వారా, లేదా పెళ్లి ద్వారా. అమెరికాలో పిల్లల దారి కావాలంటే కొడుకో కూతురో ఆ దేశ పౌరులై ఉండాలి, ఇరవై ఒక్క ఏళ్లు నిండాలి. గ్రీన్ కార్డు ఒక్కటే ఉంటే అమ్మానాన్నల కోసం పిటిషన్ వేయడానికి కుదరదు. "మా వాడికి గ్రీన్ కార్డు వచ్చేసింది, ఇంక మాకూ వచ్చేస్తుంది" అని ఇల్లు అమ్మకానికి పెట్టేవాళ్లున్నారు. ఆగండి! అబ్బాయి పౌరసత్వం తీసుకునేదాకా ఇల్లు మీ పేరునే ఉండనివ్వండి.

రెండు దారులూ పక్కపక్కనే ఉన్న దేశాలు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. థాయ్‌లాండ్, మలేషియా, మారిషస్, యూఏఈ. చిత్రమేమిటంటే, తెలుగువాళ్లు తరాలుగా ఉంటున్న మలేషియా, మారిషస్ ఈ జాబితాలో ఉన్నా మనవాళ్లు వాటి వంక చూడరు. మారిషస్‌లో యాభై దాటిన విశ్రాంత విదేశీయులకు పదేళ్ల నివాస అనుమతి ఇస్తారు. మలేషియాలో విదేశీయుల దీర్ఘకాల నివాస పథకంలో సిల్వర్ శ్రేణికి లక్షన్నర డాలర్ల ఫిక్స్‌డ్ డిపాజిట్ కావాలి, పైగా అక్కడ ఇల్లు కొనాలి. దుబాయ్‌లో యాభై ఐదు దాటినవాళ్లకు ఐదేళ్ల వీసా ఉంది. పది లక్షల దిర్హాముల ఆస్తో, పొదుపో చూపాలి, లేదంటే నిర్ణయించినంత నెలసరి రాబడి ఉండాలి. మధ్యతరగతి లెక్కకు అందేది, రెండు దారుల తేడా స్పష్టంగా కనిపించేది మాత్రం థాయ్‌లాండే. అందుకే అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

2. రెండు లెక్కలూ ఒకే కాగితం మీద రాయండి

ఒక తెల్ల కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమ పక్క రిటైర్మెంట్, కుడి పక్క పెళ్లి.

ఎడమ పక్క: వయసు యాభై నిండాలి. థాయ్ బ్యాంకులో మీ ఒక్కరి పేరు మీద ఎనిమిది లక్షల బాత్‌లు ఉండాలి. మన డబ్బులో అది ఇరవై లక్షలు దాటుతుంది. దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచీ ఆ డబ్బు కదలకూడదు. అనుమతి వచ్చాక మూడు నెలలు అలాగే ఉంచాలి. మిగతా ఏడాదిలోనూ నాలుగు లక్షల కంటే దిగకూడదు. డిపాజిట్ వద్దనుకుంటే నెలకు 65,000 బాత్‌ల రాబడి చూపాలి. రెండూ కలిపి ఏడాదికి ఎనిమిది లక్షలు చూపే పద్ధతి కూడా ఉంది. పని చేయడం మాత్రం నిషిద్ధం. స్నేహితుడి హోటల్లో సరదాగా గల్లాపెట్టె దగ్గర కూర్చున్నా అది పనే.

కుడి పక్క: భార్యో భర్తో థాయ్ పౌరులై ఉండాలి. మీ వయసుతో పనిలేదు. భార్య థాయ్ అయితే భర్త చూపాల్సింది నాలుగు లక్షల బాత్‌ల డిపాజిట్, లేదా నెలకు 40,000 రాబడి. ఏదో ఒకటే, రెండూ కలిపి చూపడం కుదరదు. వర్క్ పర్మిట్ తీసుకుని పని చేసుకోవచ్చు.

ఇక్కడిదాకా చూస్తే ఎవరైనా ఏమంటారు? "సగం డబ్బుతో అయిపోతోంది, పని కూడా చేసుకోవచ్చు, ఇంకేం ఆలోచన?" అంటారు. ఆగండి, కుడి పక్క ఇంకా రాయాల్సింది ఉంది. పెళ్లి రిజిస్టరు నకలు తాజాగా తీయించాలి. ఇద్దరూ కలిసి ఇంటి ముందు, ఇంట్లో దిగిన ఫొటోలు ఇవ్వాలి. సాక్షిని తీసుకురమ్మనొచ్చు, అధికారులు ఇంటికి వచ్చి చూడొచ్చు కూడా. ఒక్క రోజులో తేలదు. ముందు పరిశీలనలో ఉందని ముప్పై రోజుల ముద్ర వేస్తారు, ఆ తర్వాతే ఏడాది అనుమతి. ఈ తతంగమంతా ప్రతి ఏడాదీ ఉంటుంది, మీ భాగస్వామి పక్కనే ఉండాలి. రిటైర్మెంట్ పొడిగింపు చాలా ఆఫీసుల్లో ఒక్క పూటలో అయిపోతుంది, వెంట ఎవరూ రానక్కర్లేదు.

పొడిగింపు రుసుము రెండింటికీ ఒకటే, 1,900 బాత్‌లు. తొంభై రోజులకోసారి చిరునామా తెలియజేయడం రెండింటికీ తప్పదు. మధ్యలో హైదరాబాద్ వచ్చి వెళ్లాలంటే బయల్దేరే ముందే రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవాలి. ఒకసారికి వెయ్యి బాత్‌లు, ఎన్నిసార్లయినా తిరగడానికి 3,800. మనవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. అన్న కొడుకు పెళ్లికని హడావుడిగా విమానం ఎక్కేస్తారు, పర్మిట్ మర్చిపోతారు. ఏడాది అనుమతి గాల్లో కలిసిపోతుంది, మొత్తం మొదటి నుంచి మొదలుపెట్టాలి.

నా సలహా అడిగితే, యాభై దాటి, ఎనిమిది లక్షల బాత్‌లు పక్కన పెట్టగలిగి, పని చేయాల్సిన అవసరం లేకపోతే, థాయ్ భార్య ఉన్నా సరే రిటైర్మెంట్ దారే పట్టండి. పెళ్లి మీద నమ్మకం లేక కాదు. భార్యాభర్తల మధ్య ఏ చిన్న మాట వచ్చినా "నీ వీసా నా చేతిలో ఉంది" అన్న ఆలోచన ఎవరి మనసులోనూ పుట్టకుండా ఉండటం ఆ కాపురానికే మంచిది.

3. ఇద్దరూ తెలుగువాళ్లే అయితే?

గుంటూరులో టీచరుగా రిటైరైన ఒకాయన, ఇల్లాలితో కలిసి థాయ్‌లాండ్‌లో ఉండాలనుకున్నారనుకోండి. ఏజెంటు ఏం చెబుతాడు? "మీ పేరు మీద రిటైర్మెంట్, మేడమ్‌గారిది డిపెండెంట్. ఆవిడకి వేరే డిపాజిట్ అక్కర్లేదు." నిజమే. డబ్బు ఆదా అవుతుంది. కానీ ఇప్పుడు ఆవిడ కాగితం ఒంటి స్తంభం మేడ. ఆయనకు ఏదైనా జరిగితే ఆవిడ అక్కడ ఉండటానికి ఆధారమే పోతుంది. ఆయన పేరున ఉన్న ఎనిమిది లక్షల బాత్‌లు వారసత్వ వ్యవహారం తేలేదాకా ఆవిడ చేతికి రావు. భాష రాని ఊళ్లో, దుఃఖంలో ఉన్న మనిషి ఇమిగ్రేషన్ ఆఫీసుకు పరిగెత్తాలి.

ఇద్దరికీ యాభై దాటి, స్తోమత ఉంటే ఇద్దరూ విడివిడిగా రిటైర్మెంట్ వీసా తీసుకోండి. అంత లేదా? కనీసం ఆవిడ పేరున అక్కడే ఒక ఖాతా తెరిచి, ఆరు నెలల ఖర్చూ తిరుగు టికెట్ల డబ్బూ అందులో ఉంచండి. "అపశకునం మాటలెందుకండీ" అని ఇంట్లో అంటారు. అయినా చేయండి.

4. పెళ్లి దారే మీ దారైతే

అరవై ఏళ్ల విశ్రాంత ఇంజనీరు, భార్య పోయి నాలుగేళ్లయింది. డల్లాస్‌లో ఉన్న, అమెరికా పౌరసత్వం తీసుకున్న ఒక తెలుగావిడతో సంబంధం కుదిరింది. పిల్లలందరూ ఒప్పుకున్నారు. ఇప్పుడేం చేయాలి?

చేయకూడనిది ముందు చెబుతాను. టూరిస్టు వీసా చేతిలో ఉంది కదా అని, అక్కడికి వెళ్లి పెళ్లి చేసుకుని అక్కడే ఉండిపోదామన్న ఉద్దేశంతో విమానం ఎక్కకండి. దిగగానే అధికారి "ఎందుకొచ్చారు?" అని అడిగినప్పుడు "ఊళ్లు చూడటానికి" అన్నారంటే అది అబద్ధమవుతుంది, ఆ అబద్ధం జీవితాంతం వెంటాడుతుంది. సరైన దారులు రెండు. ఇక్కడ పెళ్లి చేసుకుని ఆవిడ పిటిషన్ వేసి భర్త వీసా మీద రప్పించుకోవడం ఒకటి. ఫియాన్సే వీసా మీద వెళ్లి తొంభై రోజుల్లోపు అక్కడ పెళ్లి చేసుకోవడం రెండోది.

పెళ్లయి రెండేళ్లు నిండకుండా గ్రీన్ కార్డు వస్తే అది రెండేళ్ల షరతుల కార్డు. గడువు ముగిసే ముందు తొంభై రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 దరఖాస్తు పెట్టి షరతులు తీయించుకోవాలి. ఈ తేదీని క్యాలెండర్లో ఎర్ర సిరాతో రాసుకోండి. ఇంకో సంగతి. ఆవిడ మీ ఖర్చుకు హామీ ఇస్తూ సంతకం చేసే అఫిడవిట్ విడాకులతో రద్దు కాదు. ఆ బరువు ఆవిడ మీద ఉండిపోతుంది. ఆవిడ పిల్లలు ఆ కాగితం చూసి తటపటాయిస్తే తప్పుపట్టకండి, కూర్చుని మాట్లాడండి. అరవై అయిదు దాటినా మీకు మెడికేర్ వెంటనే రాదు. స్వయంగా ప్రీమియం కట్టి చేరాలన్నా ఐదేళ్లు గ్రీన్ కార్డుతో అక్కడ వరసగా ఉండి ఉండాలి. ఆ ఐదేళ్ల ఆరోగ్య బీమా ఖర్చు పెళ్లికి ముందే లెక్కలోకి రావాలి.

బ్రిటన్‌లో అయితే చూపాల్సిన రాబడి 2024 ఏప్రిల్ నుంచి ఏడాదికి 29,000 పౌండ్లు. ఐదేళ్లు గడిచాకే స్థిర నివాసం. పెళ్లి మధ్యలో తెగిపోతే దాచడానికి లేదు, హోం ఆఫీసుకు చెప్పాల్సిందే.

ఇక కాగితం పెళ్లి సంగతి. "పేరుకే పెళ్లండీ, మూడేళ్లయ్యాక ఎవరి దారి వాళ్లది, ఇంత ఇస్తే చాలు" అని నెమ్మదిగా చెవిలో వేసే మధ్యవర్తులు మన ఊళ్లలోనూ ఉన్నారు. అమెరికా చట్టంలో దీనికి ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా ఉంది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. పెళ్లి మోసమని ఒకసారి తేలితే, తర్వాత సొంత కొడుకు పిటిషన్ వేసినా ఆమోదం దొరకదు. ఆ మధ్యవర్తి మీ ఫోను ఎత్తుతాడా అప్పుడు?

5. కాగితాల్లో మీరెవరు?

వీసా తిరస్కరణలో సగం బాధ ఇక్కడే మొదలవుతుంది. డబ్బుంది, పెళ్లి నిజమే, కానీ కాగితాల్లో మనిషి ఒక్కడు కాదు. టెన్త్ సర్టిఫికెట్లో "కె. వి. సుబ్బారావు", పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఇంటిపేరు చివర. ఆవిడకు సర్టిఫికెట్లో పుట్టింటి పేరు, పాస్‌పోర్టులో అత్తింటి పేరు. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. యూఏఈ 2022 నవంబరు నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్టు మీద టూరిస్టు, విజిట్ వీసాలతో రానివ్వడం లేదు. నివాస వీసా ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, కానీ ఆ నివాస వీసా కోసం మొదటిసారి వెళ్లేది మీరే కదా.

పెళ్లి సర్టిఫికెట్ ఉందా? 1985లో గుళ్లో పెళ్లి చేసుకున్నవాళ్లు శుభలేఖ చూపిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లిళ్ల నమోదు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది 2002లో. అంతకుముందు పెళ్లయినవాళ్లు కూడా ఇప్పుడు నమోదు చేయించుకోవచ్చు. ముందు ఆ పని చేయించండి. పెళ్లి వీసాకే కాదు, డిపెండెంటుగా వెళ్లడానికీ అదే ఆధారం. ఆ తర్వాత విదేశాంగ శాఖ ముద్ర. ఒక దేశం వేసిన ముద్రను మిగతా దేశాలు ఒప్పుకునే అపోస్టిల్ ఒప్పందంలో మన దేశం 2005 నుంచి ఉంది. యూఏఈ అందులో లేదు, అందుకని వాళ్ల రాయబార కార్యాలయం ముద్ర కూడా పడాలి. విదేశీయురాలిని ఇక్కడే పెళ్లాడితే స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద ముప్పై రోజుల నోటీసు ఉంటుందని ముందే తెలుసుకోండి, ఆమె తిరుగు టికెట్ దానికి తగ్గట్టు కొనండి.

ఊరి పేరు కూడా చిక్కు తెస్తుంది. బస్తర్ వైపు, తెలంగాణ సరిహద్దు అడవుల దాపున తర్రెం అనే ఊరుంది. అక్కడ 1970లో పుట్టి, పనుల కోసం చర్ల, భద్రాచలం వైపు వచ్చి స్థిరపడిన మనిషిని ఊహించుకోండి. పుట్టినప్పుడు అతనిది మధ్యప్రదేశ్ రాష్ట్రం, బస్తర్ జిల్లా. 1998లో అది దంతెవాడ జిల్లా అయింది. 2000 నవంబరు 1న రాష్ట్రం ఛత్తీస్‌గఢ్ అయింది. 2007లో జిల్లా బీజాపూర్ అయింది. ఇవతల అతను స్థిరపడిన భద్రాచలం ఆంధ్రప్రదేశ్‌లో ఖమ్మం జిల్లాలో ఉన్నది, 2014లో తెలంగాణలోకి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. ఊళ్లు రెండూ ఉన్నచోటే ఉన్నాయి. కాగితాల్లో మాత్రం నాలుగు రాష్ట్రాలు, ఐదు జిల్లాలు. ఒక కాగితం హిందీలో, ఇంకొకటి తెలుగులో. ఎక్కడో కూర్చున్న వీసా అధికారికి ఇవన్నీ ఏం తెలుసు? నలుగురు వేర్వేరు మనుషులనుకుంటాడు.

దీనికి విరుగుడు తేలికే. ఒక్క పేజీలో తేదీల వారీగా ఊరు, జిల్లా, రాష్ట్రం మారిన వరస రాసి, నోటరీ అఫిడవిట్ జతచేయండి. హిందీ, తెలుగు కాగితాలకు ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం పెట్టండి. అన్ని దరఖాస్తుల్లోనూ పుట్టిన ఊరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయండి. 2022లో ఇరవై ఆరు జిల్లాలైన ఆంధ్రప్రదేశ్ వాళ్లకూ ఈ సలహా వర్తిస్తుంది.

6. డబ్బు ఎప్పుడు కదపాలి?

ఇక్కడ నెల చూసుకోవడం తెలివి. మన దేశం నుంచి ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. కానీ పది లక్షల రూపాయలు దాటిన భాగం మీద బ్యాంకు ఇరవై శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. అది రిటర్నులో సర్దుబాటవుతుంది, రిఫండూ వస్తుంది, కానీ అప్పటిదాకా మీ డబ్బు మీ దగ్గరుండదు. ఇరవై రెండు లక్షలు ఒకేసారి జూన్‌లో పంపితే రెండు లక్షల నలభై వేలు పట్టుకుంటారు. మార్చి నెలలో పది, ఏప్రిల్‌లో మిగిలింది పంపితే? నలభై వేలతో పోతుంది. థాయ్ నిబంధనలోని రెండు నెలల గడువును ఏప్రిల్ నుంచి లెక్కపెట్టుకోండి, సరిపోతుంది.

థాయ్‌లాండ్‌లో ఏడాదిలో 180 రోజులు ఉన్నారంటే అక్కడ పన్ను చెల్లించాల్సిన నివాసి లెక్కలోకి వస్తారు. 2024 జనవరి 1 నుంచి విదేశంలో సంపాదించి అక్కడికి తెచ్చుకున్న రాబడి మీదా పన్ను ఉంది. పెన్షన్ తెప్పించుకునే ముందు రెండు దేశాల పన్నుల ఒప్పందం తెలిసిన ఆడిటరుకు ఒకసారి ఫీజు ఇవ్వండి. ఆ ఫీజు దండగ కాదు.

ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ప్రవాసులకుండే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించుకోండి. కేంద్ర పెన్షనర్లు నవంబరులో జీవన్ ప్రమాణ్ (బతికున్నట్టు ఇచ్చే ధ్రువపత్రం) మర్చిపోతే పెన్షన్ ఆగుతుంది. ముఖం చూపించి ఫోన్లోనే చేసే వీలుంది, వెళ్లకముందే ఒకసారి చేసి చూడండి. రాష్ట్ర పెన్షనర్లు ట్రెజరీ గడువును విడిగా రాసుకోవాలి.

7. ఆడవాళ్లకు విడిగా ఒక మాట

భర్త పోయాక కుటుంబ పెన్షన్ మీద బతుకుతున్న ఒకావిడకు విదేశంలో సంబంధం వచ్చింది. మంచి మనిషి. పెళ్లి వీసా మీద వెళ్లడానికి అంతా సిద్ధం. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: పెళ్లితో ఆ కుటుంబ పెన్షన్ ఏమవుతుంది? మామూలుగా పునర్వివాహంతో అది ఆగిపోతుంది. కేంద్ర ప్రభుత్వంలో పిల్లల్లేని వితంతువుకు, ఆదాయం పరిమితి లోపు ఉంటే కొనసాగే వెసులుబాటుంది. రాష్ట్ర ఉద్యోగి భార్య అయితే ట్రెజరీకి వెళ్లి రాతపూర్వకంగా అడగండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, దాచిపెట్టి పెన్షన్ తీసుకుంటే తర్వాత వడ్డీతో కట్టమంటారు.

అంటే ఆవిడ ఒకే సంతకంతో రెండు ఆధారాలు మారుస్తోంది. తన పేరున వచ్చే రాబడి పోతోంది, నివాసం కొత్త మనిషి మీద నిలబడుతోంది. అలాంటప్పుడు పెళ్లికి ముందే కొత్త భర్తతో, ఆయన పిల్లలతో నాలుగు విషయాలు తేల్చుకోవాలి. ఆవిడ పేరున ఖాతాలో ఎంత ఉంచుతారు? ఆరోగ్య బీమా ఎవరు కడతారు? ఆయన తర్వాత ఆ ఇంట్లో ఆవిడ ఉండొచ్చా? వీలునామా ఏ దేశంలో రాస్తారు? చివరి రెండింటినీ ఆ దేశపు లాయరు చేత రాయించుకోండి, మాట మీద వదిలేయకండి. ఆ కాగితం చేతికొచ్చాకే వీసా దరఖాస్తు ఫీజు కట్టండి.